వెనక్కి నడిచే ఆట

కొత్త నృత్యం కూర్చాలంటే ఏమేం చేయాలో నాకు వరసగా తెలుసు. ముందు ఒక భావం ఎంచుకోవాలి. దానికి తగిన కదలిక వెతకాలి. ఆ కదలికను చిన్న ముక్కలు చేసి తాళానికి సర్దాలి. వేదికను తొమ్మిది గళ్లుగా ఊహించుకుని, ఎవరు ఏ గడిలోంచి ఏ గడిలోకి పోతారో కాగితం మీద గీసుకోవాలి. చూసేవాళ్లకు వీపు చూపించకూడదు. చివరికి వచ్చేసరికి అందరూ ముందుకు రావాలి. ఇదంతా భూపాలపల్లి గ్రంథాలయంలో మూడు పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఒకదాంట్లో పాదాల బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిని నా నోటుబుక్కులోకి దించుకున్నాను.

నేను ఎప్పుడూ ఆడలేదు. మాది జనగామ. ఇంటర్ రెండోసారి కూడా తప్పినప్పుడు, ఇంట్లో ఉంటే ఏడుస్తూ కూర్చుంటానని మా నాయిన పత్తి మార్కెట్‌కు పోతూ పోతూ నన్ను గ్రంథాలయం దగ్గర దింపేవాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. అక్కడ ఏది దొరికితే అది చదివాను. నక్షత్రాలు, తేనెటీగలు, గ్రామ పంచాయతీ చట్టం, గుడ్ల కోళ్లకు వచ్చే రోగాలు. పెళ్లయి చిట్యాలకు వచ్చి, ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాక కూడా నెలకోసారి బస్సెక్కి భూపాలపల్లికి పోయి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. డిగ్రీ ఉన్నవాళ్లకంటే ఎక్కువ చదివానని నాకు గట్టి నమ్మకం. దాన్ని ఎక్కడా చూపించుకునే వీలు మాత్రం దొరకలేదు.

అందుకే మహబూబాబాద్‌లో మహిళా సంఘాలకు నృత్యాల పోటీ పెడుతున్నారని కరపత్రం వచ్చినప్పుడు, మా సంఘం తరఫున ఆట నేను కడతానని అందరికంటే ముందు నేనే అన్నాను. కరపత్రంలో ఒక షరతు ఉంది. ఆట కొత్తగా కూర్చినదై ఉండాలి. సినిమా పాటలు, కోలాటం, బతుకమ్మ ఆటలు పనికిరావు. కొత్తదనానికే ఎక్కువ మార్కులు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకున్నాను. కొత్తగా ఒకటి పుట్టించి, దీన్ని కట్టింది ఫలానా ఆమె అని మైకులో ఒక్కసారి అనిపించుకోవాలన్నది నా కోరిక. దాచుకోవడం ఎందుకు, అంతకుమించి నాకేమీ అక్కరలేదు.

భావం ఎంచుకోవడం తేలికగానే అయిపోయింది. ఆడడానికి ఒప్పుకున్న పదకొండు మందీ నాట్ల కూలీలు. ఒకే గుంపుగా పనికి పోతారు. యాసంగి నాట్లు నడుస్తున్న రోజులు. కాబట్టి వరినాటు. వాళ్లకు తెలిసిన పనే, నేర్పడం సులువు అనుకున్నాను.

మొదటి సాయంత్రం సంఘం భవనం ముందున్న సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో తొమ్మిది గళ్లు గీశాను. ఆడవాళ్లు మడిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుని, టీ తాగి, గీతల చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో తండా నుంచి వచ్చే ఒక చిన్న వయసు ఆమె ఉంది. నోరు ఊరుకోదు. గళ్లను చూసి తన చెల్లెలితో వాళ్ల భాషలో ఏదో అని నవ్వి, నాతో తెలుగులో అంది.

"అక్కా, గిది తొక్కుడుబిళ్లనా? బిళ్ల ఏదీ?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడతానని, ఒకటికి వంగాలని, రెండుకు కుడిచెయ్యి, మూడుకు నేల తాకాలని, ఎనిమిదికి లేవాలని చెప్పాను. లెక్కపెట్టాను. పదకొండు మంది పదకొండు వేళల్లో వంగారు. మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి ఎనిమిది వచ్చేసరికి కొందరు రెండో వరస మొదలుపెట్టేశారు. గుంపుకు పెద్ద అయిన అవ్వ అసలు నా లెక్క వింటున్నట్టే లేదు. ఆమెకు అరవై దాటాయి. వంగిందంటే నడుము ఇరుసు మీద తిరిగినట్టు వంగుతుంది. వంగాక నేను ఎనిమిది అన్నా పదహారు అన్నా లేవదు.

"అవ్వా, ఎనిమిదికి లేవాలె" అన్నాను.

"లేస్తే పని ఎట్ల సాగుతది బిడ్డా? నీ లెక్క జాకెట్ కొలతలకు పెట్టుకో. నాటుకు లెక్క ఎవడు పెట్టిండు?"

వారం రోజులు ఇదే తంతు. రాత్రి నోటుబుక్కులో దిద్దుకోవడం, సాయంత్రం పోయి చెప్పడం, వాళ్లు నవ్వడం. లెక్కను ఎనిమిది నుంచి ఆరుకు మార్చాను. తరువాత నాలుగుకు మార్చాను. అంతా చూస్తున్న మా ఆయన, "నువ్వే ఓసారి ఆడి చూపియ్యరాదు?" అన్నాడు. ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నించాను. వంగి, వంగినట్టే నడవాలి. నాలుగు నిమిషాలకు నడుములో నరం పట్టేసింది. మరునాడు పదకొండు మందికి ఆ సంగతి చెప్పలేదు. పుస్తకంలో శ్వాస గురించి రాసిన ముక్క చదివి వినిపించాను.

ఇంకో గొడవ దిక్కు దగ్గర వచ్చింది. చివర్లో అందరూ ముందుకు నడిచి రావాలని నేను రాసుకున్నాను. వాళ్లు రారు. నాటు వేసేటప్పుడు మనిషి వెనక్కే నడుస్తుంది. పక్కపక్కన మునుం పట్టి, అంటే ఒకే వరసలో నిలబడి, ముందున్న బురదలో నారు గుచ్చి, వరస కాగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఇది మడి కాదు, ఆట. గచ్చు మీద బురద లేదు, నారు లేదు. ముందుకు రమ్మంటే వచ్చేదానికేం?

"నాటు తొక్కుకుంట ఎట్ల వస్తం?" అంది అవ్వ.

ఎక్కడి నాటు అని అడిగాను. ఆమె గచ్చు కేసి చెయ్యి చూపించింది. అప్పటిదాకా వాళ్లు వంగి నడిచిన మేర అంతా ఆమె లెక్కన నాటేసిన మడి. నేను తప్పులు దిద్దడానికి వాళ్ల ఎదురుగా పోయి నిలబడ్డప్పుడల్లా తండా ఆమె, "అక్కా, మడిల నిలవడ్డవ్, పక్కకు జరుగు" అనేది. మొదట ఎగతాళి అనుకున్నాను. రెండు రోజుల తరువాత గమనించాను. నీళ్లు తాగడానికి పోయేవాళ్లు కూడా గచ్చుకు అడ్డం పడి పోవడం లేదు. అంచు వెంట, గెట్టు మీద నడిచినట్టు, చుట్టూ తిరిగి పోతున్నారు. వట్టి సిమెంటు మీద. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఎన్నో ఏళ్లు చదివి తయారు చేసుకున్న దాన్ని లేని నారు ఆపేస్తోంది.

పోటీకి పది రోజులుందనగా పాట దగ్గర నా ఓపిక అయిపోయింది. వాళ్లకు తెలిసిన నాట్ల పాటే పెట్టుకున్నాం. అవ్వ సాగదీసి పాడుతుంది. చిన్నవాళ్లు ఉరికిస్తారు. నడుమ ఉన్నవాళ్లు ఎవరి వెంట పోవాలో తెలియక ఆగిపోతారు. ఆగి, నా వైపు చూస్తారు. ఆ సాయంత్రం అలా మూడుసార్లు జరిగాక నేను నోటుబుక్కు గోడకేసి కొట్టి, "పాట బంద్ జెయ్యిండ్రి. నోరు మూసుకొని మీ ఇష్టమొచ్చినట్టు ఆడుండ్రి" అన్నాను. అని, మెట్ల మీద కూర్చున్నాను. పుస్తకాలు చదివిన మనిషి అనవలసిన మాట కాదు. కానీ అన్నాను.

తరువాత అవ్వ ఎప్పుడూ నిలబడే చోటుకు పోకుండా, గచ్చుకు ఈ చివర, సరిగ్గా నా ముందు వచ్చి నిలబడింది. మిగతా వాళ్లను పక్కన నిలబెట్టింది.

"చూసేటోళ్లకు మడి కనవడాలె గద. మడి వాళ్లకూ మనకూ నడుమ ఉంటది. మనం ఎనకకు పోతం" అంది.

వంగారు. పాట లేదు. గాజుల చప్పుడు, అరికాళ్లు గచ్చుకు రాసుకునే చప్పుడు. వరసలో ఒక్కొక్కరి చేతివేగం ఒక్కొక్క రకం. అవ్వ నాలుగు గుచ్చేలోపు తండా ఆమె ఆరు గుచ్చుతోంది. కానీ వరస చివరకు వచ్చేసరికి ముందు అయిపోయినవాళ్లు తల తిప్పకుండానే ఆగుతున్నారు. ఆఖరి చెయ్యి లేచీ లేవగానే పదకొండు కాళ్లు ఒక్కసారి వెనక్కి పడుతున్నాయి. మళ్లీ ఎవరి తీరు వారిది. మళ్లీ ఒక్క అడుగు. వాళ్లకూ నాకూ మధ్య గచ్చు కొంచెం కొంచెంగా పెరుగుతోంది. దాని మీద ఏమీ లేదు. అయినా నేను మెట్టు దిగి అక్కడ అడుగుపెట్టలేకపోయాను.

ఇన్నాళ్లూ నేను తాళాన్ని వరస లోపల వెతికాను. అది వరస చివర ఉంది. ఏ పుస్తకంలోనూ నాకు ఆ ముక్క దొరకలేదు. ఆ సంగతికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

తరువాతి తొమ్మిది రోజులూ నేను కూడా పని చేశాను. అది చెప్పుకోకపోతే నాకు అన్యాయం చేసుకున్నట్టే. పాట వద్దని గట్టిగా నిలబడ్డాను. ఖాళీగా ఉందని వాళ్లు మళ్లీ మళ్లీ పాడబోతే ఆపాను. మొదట ఒక నిమిషం కదలకుండా నిలబడి మడిని చూడాలన్నది నా ఆలోచన. అందరూ ఒకే రంగు చీర కట్టుకుందామంటే ఒప్పుకోక, పనికి కట్టుకునే చీరలే కట్టించాను. చీరల మీద వేసుకునే పాత అంగీలు కూడా వేయించాను. నడిచే దూరాన్ని టేపుతో కొలిచి ఎన్ని అడుగులు పడతాయో చూశాను. చివర్లో అందరూ నారు కట్టలు ఎత్తినట్టు చేతులెత్తి, వరసగా దండం పెట్టాలని నిర్ణయించాను. మిగతాది వాళ్లది. ఎంత నాది, ఎంత వాళ్లది అని అప్పుడు విడదీసి చూసుకోలేదు.

పోటీ రోజు తెల్లవారుజామునే బయలుదేరి, రెండు బస్సులు మారి మహబూబాబాద్ చేరాం. ఫోన్‌లో పెద్ద స్టేజీ అని చెప్పారు. పోయి చూస్తే సగం దాకా సౌండు బాక్సులు పెట్టారు. నా టేపు లెక్క అక్కడే తప్పింది. మాకంటే ముందు ఆడినవాళ్లు మెరుపుల చీరలు కట్టి, రికార్డు పాటలకు, నవ్వుతూ ముందుకు వచ్చి ఆడారు. మావాళ్లు పనిచీరల్లో స్టేజీ అంచుకు వచ్చి నిలబడితే వెనక కుర్చీల్లో ఎవరో ఈల వేశారు. ఒక నిమిషం కదలకపోయేసరికి పాట పెట్టడం మరిచారేమోనని మైకు దగ్గరి మనిషి వైర్లు చూడసాగాడు.

అప్పుడు వంగారు. మొదటి అడుగు వెనక్కి పడింది. రెండోది పడింది. నాలుగో వరసకు మాటలు ఆగాయి. నేను పక్క తెర దగ్గర నిలబడి చూస్తున్నాను. స్టేజీ చిన్నదవడంతో నేను లెక్కపెట్టిన చోటికి చాలా ముందే అవ్వ మడమ వెనక తెరకు తగిలింది. ఇక పోవడానికి చోటు లేదు. దండం పెట్టే ముక్క ఆమెకు గుర్తు రాలేదు. మడి అయిపోయినట్టే లెక్క. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని మెల్లగా లేచి, నాటిన మడి వైపు, అంటే జనం వైపు, చూస్తూ నిలబడింది. పక్కనున్నవాళ్లూ ఒక్కొక్కరే లేచారు. అంతే. జనం చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

ఫలితాలకు ముందు న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాట్లాడారు. తెల్ల లాల్చీ, మంచి తెలుగు. చిట్యాల మహిళల ఆట చూసి ఒళ్లు పులకరించిందన్నారు. ఇది తరతరాలుగా వస్తున్న శ్రమనృత్యమని, పాట కూడా లేదంటే ఇది పాట పుట్టకముందు నాటిదై ఉండాలని అన్నారు. శ్రమలోంచి కదలిక ముందు పుట్టిందని, పాట తరువాత చేరిందని నేనూ ఒక పుస్తకంలో చదివాను. నాకు మతిపోయింది. అది పాట పుట్టకముందు నాటిది కాదు. పది రోజుల కింద నాకు కోపం వచ్చిన సాయంత్రం నాటిది.

బహుమతి రాలేదు. కొత్తదనం కింద మాకు మార్కులే పడలేదు. సంప్రదాయాన్ని కాపాడుతున్నందుకు ఒక శాలువా అవ్వకు కప్పారు.

భోజనాల దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. ఇది పాతది కాదని, నేను కట్టానని, ఎట్లా కట్టానో చెప్పాను. ఆయన ఓపికగానే విన్నారు. రాసుకున్నదేమైనా ఉందా అని అడిగారు. నోటుబుక్కు ఇచ్చాను. తొమ్మిది గళ్లు, ఎనిమిది లెక్కలు, ముందుకు నడిచే బాణాలు చూసి తిరిగిచ్చారు.

"అమ్మా, ఇందులో ఉన్నది వేరే ఆట. మేం చూసింది ఇది కాదు" అన్నారు. మెత్తగానే అన్నారు. పక్కన విస్తరి ముందు కూర్చున్న అవ్వ వైపు తిరిగి, ఇది మీకు ఎవరు నేర్పారమ్మా అని అడిగారు.

అవ్వ ముద్ద దించి చెప్పింది. "మా అవ్వ నేర్పింది సారూ. నాకు ఏడేండ్లున్నప్పుడు మడిలకు దింపింది. తప్పువెడ్తె మోకాలు మీద కొట్టేది."

ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వారు. చూశారా అన్నట్టు. అవ్వ అబద్ధం ఆడలేదు. ఆయనా తప్పుగా వినలేదు. నేను నోటుబుక్కు సంచిలో పెట్టుకుని పక్కకు వచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అవ్వ శాలువా మడిచి ఒడిలో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది.

"ఏమైందే, మూతి గట్ల పెట్టినవ్?"

"ఆట నేను కట్టిన అని ఒక్క మాట చెప్తే ఏం పోయేది అవ్వా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "నువ్వు నిలవడుమన్న కాడ నిలవడ్డం. పాట బంద్ అన్నవ్, బంద్ జేసినం. గది నీదే. కాదన్ననా? వంగుడు గూడ నువ్వే నేర్పినవంటే నా మోకాళ్లు నవ్వుతయి బిడ్డా."

వెనక సీటులోంచి తండా ఆమె, "అక్కకు శాలువా ఇయ్యి అవ్వా, ఏడుపు ఆగుతది" అంది. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను.

బడులు తెరిచాక గార్ల నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. ఆ రోజు ఆట చూసిందట. తన పిల్లలకు నేర్పుకుంటానంది. ఆ ప్రాచీన నృత్యం అని ఆమె అనబోతుంటే ఆపి, జనవరిలో కట్టిన ఆట అని చెప్పాను. ఆమె మారుమాట లేకుండా నమ్మింది. అంత తేలికగా నమ్మేసరికి నాకే తడబాటు వచ్చింది. అరగంట సేపు ఫోన్‌లో అన్నీ వివరించాను. పెట్టేసే ముందు ఆమె అడిగింది. "ఆడే ముందు మైకులో చెప్తం గదా మేడం. కూర్చినవాళ్లు ఎవరని చెప్పమంటరు? ఒక నాలుగు లైన్లు రాసి వాట్సాప్‌లో పెట్టుండ్రి."

ఇన్నాళ్లుగా నేను వినాలనుకున్న ప్రశ్న అది. రాసి పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. సాయంత్రం పనికిపోయి వస్తున్న అవ్వను ఆపి అడిగాను, ఎవరి పేరు పెట్టాలని. గట్టిగా కొట్లాడుతుందనో, గుంపు పేరు పెట్టమంటుందనో అనుకున్నాను. అలా అని ఉంటే బాగుండేది.

"నీ పేరే పెట్టుకో. పదకొండు పేర్లు జెప్తే పొద్దుమూకుతది. జాకెట్ ఎప్పుడిస్తవ్ చెప్పు" అంది. జాకెట్ చేతులకు బుట్టలు కొంచెం పైకి పట్టమని కూడా చెప్పి పోయింది.

మిషన్ ముందు కూర్చుని నాలుగు లైన్లు రాశాను. మొదటి మూడు నా గురించి, ఆట గురించి. నా పేరు రెండో లైనులో ఉంది. నాలుగో లైను చాలాసేపు ఆలోచించి రాశాను. రాసి చదువుకున్నాను. అది ఉంటే మైకులో విన్నవాళ్లు మళ్లీ పాతదే అంటారు, తెల్ల లాల్చీ ఆయన అన్నట్టే అంటారు అనిపించింది. చెరిపేసి, మూడు లైన్లే పంపాను. టీచరమ్మ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ పూట కుట్టిన జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను.

చెరిపేసిన లైను ఇది: వంగడం, వెనక్కి నడవడం, ఒకరి కోసం ఒకరు ఆగడం చిట్యాల నాట్ల కూలీలవి, ఆటను ఎక్కడ ముగించాలో చూపించింది వాళ్లలో పెద్దామె.